సవరణ: గడ్డ కరిగించే మందు గురించి రాసిందాంట్లో రెండు తప్పులు

మొన్న ఆదివారం పోస్టులో, పక్షవాతం వచ్చినప్పుడు ఇచ్చే టీపీఏ ఇంజెక్షన్ "రక్తపు గడ్డను తనే కోసేస్తుంది, తెల్లరక్తకణాల జోలికి పోదు" అని రాశాను. రెండూ తప్పే. గాజువాక నుంచి ఒక నర్సమ్మగారు మెసేజ్ పెట్టి మరీ పట్టుకున్నారు.

టీపీఏ గడ్డను కోయదు. కాలేయం తయారుచేసే ప్లాస్మినోజెన్ అనే ప్రోటీన్‌ను ప్లాస్మిన్‌గా మారుస్తుంది, గడ్డను పట్టి ఉంచే ఫైబ్రిన్ పోగుల్ని తెంపేది ఆ ప్లాస్మినే. మన ఫిషింగ్ హార్బర్‌లో చిక్కుపడ్డ వలని విప్పలేక కత్తి పెట్టి కోస్తారు చూడండి, ప్లాస్మిన్ ఆ కత్తి. టీపీఏ దాన్ని ఒరలోంచి లాగే చెయ్యి.

రెండోది ఇంకా పెద్ద పొరపాటు. మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు అనే తెల్లరక్తకణాలు తమ ఒంటిమీద ఉన్న ఒక గ్రాహకానికి యూరోకైనేజ్ అనే ఎంజైమును తగిలించుకుంటాయి. అదీ ప్లాస్మిన్‌ను పుట్టించేదే. అంటే కత్తి ముందుపెట్టుకుని, దారి కోసుకుంటూ కణజాలంలోకి చొరబడతాయన్నమాట. ప్లాస్మిన్ సీ3, సీ5 అనే కాంప్లిమెంట్ ప్రోటీన్లనూ (రక్తంలో ఉండే రోగనిరోధక ప్రోటీన్లు) కోస్తుంది. ఆ ముక్కలు మరిన్ని కణాల్ని పిలిచి వాపు పెంచుతాయి.

అలాగని ప్లాస్మిన్‌ని విలన్ చేసెయ్యకండి (ఇంకో సవరణ రాసే ఓపిక లేదు). పేరుకుపోయిన ఫైబ్రిన్ కూడా వాపు పెంచేదే, దాన్ని ఊడ్చేది ప్లాస్మినే. పుట్టుకతో ప్లాస్మినోజెన్ లోపం ఉన్న కొందరికి కనురెప్పల లోపల చెక్కలా గట్టి పొర కడుతుంది.

టీపీఏ ఎప్పటిలోపు ఇవ్వాలన్న గంటల లెక్కలో మాత్రం మార్పు లేదు: మామూలుగా లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే, అదీ స్కాన్‌లో మెదడులో రక్తస్రావం లేదని తేలాకే.