పదకొండు మంది గోల్‌కీపర్లు

మొన్న మళ్ళీ ఆ ఫోన్ వచ్చింది. "గురూగారూ, వచ్చే హాకీ ప్రపంచ కప్‌కి కూడా లైవ్ పోస్టర్లు తమరే చెయ్యాలట. సార్ ప్రత్యేకంగా చెప్పమన్నారు."

2026 కప్ జరిగేది బెల్జియంలో, నెదర్లాండ్స్‌లో. సార్ అంటే మా ఊరి నాయకుడు, ఉండేది ఒడిశాలోని పర్లాకిమిడిలో. అయినా సరే, అక్కడెక్కడో బంతి కదిలితే ఇక్కడ మహేంద్రతనయ ఒడ్డున అందరి ఫోన్లలో సార్ మొహం వెలగాలి. ఆ మాట వినగానే నాకు 2023 జనవరి కప్ గుర్తొచ్చి గ్యాస్ మాత్ర వేసుకున్నాను.

మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, ఫ్లెక్సీలు, పెద్దకర్మ కార్డులు. ఈ ఊళ్ళో బోర్డు రాయాలంటే ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడూ కావాలి. ఈ మూడు భాషల్లోనూ తిట్లు తినగలిగినవాణ్ణి కాబట్టి అంతర్జాతీయ క్రీడలకి పనికొస్తానని సార్ నిర్ణయించారు.

లైవ్ గ్రాఫిక్ అంటే మ్యాచ్ నడుస్తుండగానే కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మ గీస్తారని చాలామంది అనుకుంటారు. అసలు పనంతా ముందు రోజే అయిపోతుంది. టీమ్ లిస్టుకి ఒకటి, గోల్‌కి ఒకటి, ప్రతి పావుగంట క్వార్టర్ అయ్యాక స్కోరుకి ఒకటి, చివర్లో గెలుపుకి, ఓటమికి, డ్రాకి వేరువేరుగా చేసి పెట్టుకుంటాం. ఆట మొదలయ్యాక పేరు, నిమిషం, అంకె మార్చి వదలడమే. పోస్టుకి వెడల్పు 1080 పిక్సెళ్ళు, ఎత్తు 1350. స్టోరీకైతే ఎత్తు 1920. అందులో పైనా కిందా కొంత జాగా వదిలెయ్యాలి, లేకపోతే రాసిన అక్షరాల మీద యాప్ బటన్లు వచ్చి కూర్చుంటాయి. ఈ ఖాళీ జాగా సంగతి మాత్రం సార్ మనుషుల దగ్గర ఎత్తకూడదు. ఖాళీ జాగా కనిపిస్తే మన పెద్దమనుషులు ఏం చేస్తారో మీకు వేరే చెప్పాలా?

ఆటగాళ్ళ ఫోటోలు వాడాలంటే హక్కులు కొనాలి. "గూగుల్లో బోలెడున్నాయి గదా" అన్నారు. కొనమంటే కొనరు, దొంగతనం నేను చెయ్యను. చివరికి హాకీ కర్ర ఎత్తిన ఒక మనిషి నీడబొమ్మ గీసి, పక్కన గోల్ కొట్టినవాడి పేరు పెద్ద అక్షరాల్లో వచ్చేలా పెట్టాను. సార్ మొహం కింద మూలన, గుండ్రంగా, 180 పిక్సెళ్ళు.

మొదటి గొడవ గడ్డి దగ్గరొచ్చింది. "గ్రౌండు నీలం రంగేటి గురూగారూ? గడ్డి పచ్చగా ఉంటాది గదా." 2012 లండన్ ఒలింపిక్స్‌లోనే హాకీ నీలం రంగు కృత్రిమ గడ్డి మీదికి వెళ్ళిందనీ, పసుపు బంతి బాగా కనబడాలని అలా చేశారనీ చెప్పాను. శ్రద్ధగా విన్నారు. విని, పచ్చగా మార్చమన్నారు. మార్చాను.

రెండోది తెలుగు. ఫోటోషాప్‌లో ఒక సెట్టింగ్ మార్చకపోతే మన ఒత్తులు విడాకులు తీసుకుంటాయి. 'శుభాకాంక్షలు'లో క ఒక దిక్కు, ష ఒక దిక్కు. సెట్టింగ్ మార్చి కాపురం నిలబెట్టాను. అప్పుడు "ఇంకొంచెం గ్రాంథికంగా ఉంటే బరువుంటాది" అన్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇదే ఊళ్ళో బడిపంతులుగా ఉండి వాడుక భాష కోసం జన్మంతా పోరాడారు. ఆ పోరాటం నా షాపు దాకా రాలేదన్నమాట.

ఇక జనవరి 13 రాత్రి. రూర్కెలా బిర్సా ముండా స్టేడియంలో భారత్, స్పెయిన్. రాష్ట్రానికి ఆ కొసన మ్యాచ్, ఈ కొసన నేనూ, నా దగ్గర పనిచేసే కుర్రాడూ, ఒక ఫ్లాస్కు టీ. 12వ నిమిషంలో అమిత్ రోహిదాస్ గోల్ కొట్టాడు. పేరు మార్చి, నిమిషం మార్చి, వాట్సాప్ బొమ్మ నాణ్యత పిండెయ్యకుండా డాక్యుమెంటుగా అప్రూవల్ గ్రూపులో పెట్టేసరికి యాభై సెకన్లు. చేతులు నా చేతుల్లా లేవు, అంత వేగం.

ఆ గ్రూపులో సార్ మనుషులు పదకొండు మంది. హాకీ టీములోనూ పదకొండు మందే. కాకపోతే మా గ్రూపులో అందరూ గోల్‌కీపర్లే, ఒక్కటీ లోపలికి పోనివ్వరు.

మొదటాయన దండాలు పెట్టాడు. అది అప్రూవల్ కాదట, గుడ్ ఈవినింగట. రెండో ఆయన సార్ మొహం చిన్నదైందన్నాడు. 180ని 300 చేశాను. మూడో ఆయనకి సార్ పేరు పక్కన 'మాజీ ఉపాధ్యక్షులు' నచ్చలేదు, 'పూర్వ ఉపాధ్యక్షులు' కావాలన్నాడు. మార్చాక నాలుగో ఆయన, పూర్వ అంటే పోయినవాళ్ళలా ఉందన్నాడు. మళ్ళీ మాజీ. ఐదో ఆయన రెండింటికీ మధ్యేమార్గంగా 'గౌరవ' అన్నాడు. ఈలోగా ఎవరికో మర్నాడు భోగి అని గుర్తొచ్చింది. "ఖర్చు కలిసొస్తాది గురూగారూ, ఇందులోనే ఓ మంట పెట్టెయ్యండి." మంట పెట్టాను. నీడబొమ్మ వెనకాల మంట పెడితే ఆటగాడు తగలబడిపోతున్నట్టుంది. ముందు పెడితే కర్రతో మంట ఎగదోస్తున్నట్టుంది. రెండోదే బాగుందన్నారు. మరి ఒడియావాళ్ళు ఏమనుకుంటారని ఇంకొకాయన మకర చావుళ, అంటే సంక్రాంతికి ఒడియావాళ్ళు చేసే కొత్తబియ్యం ప్రసాదం, గిన్నె అడిగాడు. అదీ పెట్టాను. 26వ నిమిషంలో హార్దిక్ సింగ్ రెండో గోల్ కొట్టాడు. "అన్నయ్యా, రెండోది!" అని కుర్రాడు ఎగిరాడు. గ్రూపులో చెప్పాను. "ముందు ఒకటోది తేలనివ్వండి" అని జవాబు.

మ్యాచ్ 2-0తో అయిపోయింది. స్టేడియం ఖాళీ అవుతుండగా, 1080లో 540 సార్ మొహమే అయ్యాక, చివరి గోల్‌కీపర్ నిద్రలేచాడు. "ఈ రోహిదాస్ ఎవలు? మన వార్డేనా? ఆ పేరు తీసేసి 'మన విజయం' అని పెట్టండి."

ఎవలంట! ఆ మనిషిది సుందర్‌గఢ్ జిల్లా సౌనామరా. భారత హాకీ మాజీ కెప్టెన్ దిలీప్ తిర్కీ ఊరు. రూర్కెలా ఉన్నదీ ఆ జిల్లాలోనే. సొంత జిల్లాలో, తన జనం ముందు, ప్రపంచ కప్పుల్లో భారత్‌కి 200వ గోల్ కొట్టాడు. ఇరవై వేల మంది పట్టే స్టేడియం అతని పేరు అరిచింది. కొట్టినవాడి పేరు ఉంటే గోల్ కార్డు, లేకపోతే అది గోడకి కొట్టిన పిడక. ఊడిపోయిన పదవి ముందు ఏ మాట ఉండాలో మూడుసార్లు తిప్పి పంపిన సన్నాసులకి, గోల్ కొట్టినవాడి పేరు అడ్డమొచ్చింది. వీళ్ళలో ఒక్కడైనా ఎండలో కర్ర పట్టి పది గజాలు పరిగెత్తాడా? సిగ్గుండాలి. నాక్కూడా ఉండాలి, ఎందుకంటే తీసేసింది నేనే. పాత బిల్లు బాకీ ఉంది, తీసేశాను. కుర్రాడు నాతో ఆ రాత్రి మాట్లాడలేదు.

జనవరి 22న భువనేశ్వర్‌లో న్యూజిలాండ్ మీద 3-1 దాకా వెళ్ళి, 3-3 చేయించుకుని, షూటౌట్‌లో 5-4తో ఓడిపోయాం. ఓటమి కార్డు గ్రూపులో పెట్టాను. అందులో పద్దెనిమిది మంది ఆటగాళ్ళ పేర్లూ రాశాను, కసికొద్దీ. ఒక్క సవరణా రాలేదు. రాత్రి పదకొండింటికి "ఈరోజేటీ వద్దు" అని వచ్చింది.

మర్నాడే ఫోన్. 26న రిపబ్లిక్ డే కదా, కొత్త డిజైన్‌కి మళ్ళీ డబ్బులెందుకు, ఉన్నదే సర్దమన్నారు. నీడబొమ్మ చేతిలోని హాకీ కర్రకి పైన జెండా కట్టి, మంట తీసేసి, గిన్నె తీసేసి పంపాను. సార్ మొహం 540 అలాగే ఉంది. ఈసారి అప్రూవల్ నిమిషంలో వచ్చింది.

జెండా కర్ర కింది కొస వంకరగానే ఉండిపోయింది. పదకొండు మందిలో ఒక్కరూ చూడలేదు.