నల్లగొండకు గడ్డకట్టిన జలపాతం కావాలి

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు జరిగిన అన్యాయాల జాబితా పెద్దది. నీళ్ల వాటా, ఫ్లోరైడ్, వలసలు, సగంలో ఆగిన కాలువలు. వీటి గురించి మైకు పట్టుకునేవాళ్లు ఊరికి పదిమంది దొరుకుతారు. ఇంతవరకు ఏ పార్టీ మేనిఫెస్టోకూ ఎక్కని అన్యాయం మాత్రం ఒకటి మిగిలిపోయింది. మన దగ్గర గడ్డకట్టిన జలపాతం ఒక్కటి కూడా లేదు.

జలపాతాలే లేవని కాదు. నల్లమలలో మల్లెల తీర్థం ఉంది, సలేశ్వరం ఉంది. సాగర్ దాటి కాస్త దూరం పోతే ఎత్తిపోతల ఉంది, కాకపోతే అది పక్క రాష్ట్రం లెక్కలోకి పోయింది. అన్నీ వానాకాలం దూకుతాయి, తర్వాత సన్నబడతాయి, గడ్డకట్టమంటే మాత్రం కట్టవు. మేలో 45 డిగ్రీలు దాటే జిల్లాలో నిలువెత్తు మంచు చూడాలంటే చేపల మార్కెట్ వెనకాల ఐస్ ఫ్యాక్టరీకి పోవాలి. అక్కడ కూడా దిమ్మను పడుకోబెట్టి లాక్కుపోతారు కానీ నిలబెట్టి ఎక్కనివ్వరు.

దీనివల్ల నష్టపోతున్నది మన యువతే. మిర్యాలగూడలో పుట్టి, మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తూ, శని ఆదివారాలు ఏం చేయాలో తోచని కుర్రాడిని తీసుకోండి. ఒకప్పుడు అతను ఏదో ఒక కొండెక్కి జెండా పట్టుకుని ఫోటో దిగితే ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టేవాళ్లు. 2014లో మాలావత్ పూర్ణ భువనగిరి గుట్ట మీద పాఠాలు నేర్చుకుని, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కేసింది. అప్పట్నుంచి మామూలు కొండల మార్కెట్ పడిపోయింది. కిలిమంజారో ఎక్కొచ్చానంటే ఇప్పుడు పక్క సీటువాడు కూడా తలెత్తి చూడడం లేదు. అందుకే మనవాడు ఎవరూ చేయనిది వెతికాడు. దొరికింది: గడ్డకట్టిన జలపాతాన్ని ఒంటరిగా, తాడు లేకుండా ఎక్కడం.

ఈ విద్య తెలియనివారి కోసం కొంచెం వివరం. రెండు చేతుల్లో రెండు చిన్న గొడ్డళ్లు ఉంటాయి. వాటి కొన వంకర తిరిగి ఉంటుంది కాబట్టి మంచులోకి కొడితే దిగి పట్టుకుంటుంది. బూట్ల కింద క్రాంపాన్లనే ఇనుప ముళ్ల పట్టాలు కడతారు. 1908లో ఆస్కార్ ఎకెన్‌స్టైన్ అనే ఆయన చేయించిన వాటికి ముళ్లన్నీ కిందికే ఉండేవి. 1929లో లారెంట్ గ్రివెల్ ముందుకు పొడుచుకొచ్చే రెండు ముళ్లు చేర్చాడు. ఆ రెండింటి పుణ్యమా అని మనిషి నిలువు గోడ మీద కాలి వేళ్ల చివర నిలబడగలుగుతున్నాడు. కుడి గొడ్డలి, ఎడమ గొడ్డలి, కుడి కాలు, ఎడమ కాలు. మళ్లీ మొదటికి. కష్టాన్ని బట్టి జలపాతాలకు ఒకటి నుంచి ఏడు దాకా గ్రేడ్లు ఇచ్చారు. ఐదు దగ్గరికి వచ్చేసరికి గోడ చాలా దూరం నిట్టనిలువుగా ఉంటుంది. మంచి గొడ్డళ్ల జత కొనాలంటే యాభై వేలు దగ్గర పెట్టుకోవాలి. మా ఊళ్లో కమ్మరి కొలిమి దగ్గర ఇంతకన్నా బరువైనది అయిదొందలకు దొరుకుతుందని ఒక పెద్దమనిషి అన్నాడు గానీ, దాని మీద బ్రాండ్ పేరు ఉండదు.

మామూలుగా ఎక్కేవాళ్లు నడుముకు తాడు కట్టుకుంటారు. కింద ఒక తోడు ఆ తాడు పట్టుకుంటాడు. పైకి పోతూ పోతూ మంచులోకి బోలు గొట్టాల్లాంటి స్క్రూలు తిప్పి, వాటికి తాడు తగిలిస్తారు. ఇంత చేసినా ముందు ఎక్కేవాడు పడకూడదన్నది ఈ ఆటలో పాత నియమం. తాడు ఆపినా, పడేటప్పుడు కాలి ముళ్లు మంచుకు తట్టుకుంటే చీలమండ విరుగుతుంది. సోలో అంటే ఈ లెక్కలోంచి తాడు తీసేయాలి, తోడును తీసేయాలి, స్క్రూలు తీసేయాలి. మిగిలేది ఒక మనిషి, రెండు గొడ్డళ్లు, అమ్మకు చెప్పని ఒక విషయం.

నయాగరా జలపాతం పక్కన గడ్డకట్టిన మంచును 2015 జనవరిలో మొట్టమొదట ఎక్కింది కెనడాకు చెందిన విల్ గ్యాడ్. ప్రపంచంలో ఈ పనిలో ఆయనను మించినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా ఉండరు. అంతటి ఆయన ఆ రోజు తాడు కట్టుకున్నాడు, స్క్రూలు దించాడు, కింద సారా హెనికెన్ ఆ తాడు పట్టుకుంది. ఈ సంగతి మనవాడికి చెబితే, 'ఆయన వేరే జనరేషన్' అన్నాడు.

మంచు గుణం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే రాయికి ఉన్న నిలకడ దీనికి లేదు. సున్నాకు కొద్దిగా కింద, మైనస్ ఐదు దగ్గర ఉన్నప్పుడు మెత్తగా ఉండి గొడ్డలిని ఒక్క దెబ్బకే రానిస్తుంది. చలి ఇంకా ముదిరితే పెళుసెక్కుతుంది. కొట్టినచోట అన్నం పళ్లెమంత పెచ్చు ఊడి ముఖం మీదికి వస్తుంది. ఎండ తగిలితే గోడను వదిలేస్తుంది. రాత్రికి రాత్రి చలి హఠాత్తుగా పెరిగితే, పైనుంచి కిందికి స్తంభంలా వేలాడే మంచు ముడుచుకుని లోపల బిగుసుకుపోతుంది. అప్పుడు ఒక్క గొడ్డలి దెబ్బ చాలు, స్తంభం మొత్తం మనిషితో సహా కిందికి వస్తుంది. ఇవన్నీ ఒక ఎత్తు. చుట్టుపక్కల కొండ మీది మంచు ఇంకో ఎత్తు. గై లాసెల్ అనే కెనడా ఆయన ఏళ్ల తరబడి తాడు లేకుండా జలపాతాలు ఎక్కినవాడు, జాగ్రత్తకు పేరు పడ్డవాడు. 2009 డిసెంబర్‌లో అమెరికాలోని మోంటానాలో, పైన వేరే వాళ్లు ఎక్కుతుండగా కదిలిన మంచు మీదపడి చనిపోయాడు. ఆయన గొడ్డలి జారలేదు, కాలూ జారలేదు.

సరదా లేదా అంటే, ఉందనే చెబుతారు. గోడ మీద ఉన్నంతసేపు ఇంకో ఆలోచన రాదట. ఈఎంఐ గుర్తురాదు, మేనేజర్ గుర్తురాడు, పెళ్లి సంబంధాలు గుర్తురావు. తర్వాతి దెబ్బ ఎక్కడ కొట్టాలన్నదొక్కటే ప్రపంచం. ఇందులో అబద్ధం లేదనే నా నమ్మకం. ఇంకో సంగతి మాత్రం వాళ్లు ఫోటోలో పెట్టరు. చేతులు గంటల తరబడి తలపైకి ఎత్తి ఉంచడంతో వేళ్లలోంచి నెత్తురు దిగిపోయి మొద్దుబారతాయి. చేతులు దించాక నెత్తురు తిరిగి పారుతుంటే వచ్చే నొప్పికి గట్టి గట్టి మొగవాళ్లు కేకలు పెడతారు, కొందరికి వాంతి అవుతుంది. ఇంగ్లిష్‌లో దీనికి ముద్దుపేరు కూడా ఉంది. ఇదే నొప్పి ఉపాధి హామీ పనిలో వస్తే మాత్రం మస్టర్ కొట్టేసి ఇంటికి పొమ్మంటారు.

ఇక నా ప్రతిపాదన. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో యూరే అనే చిన్న ఊరు ఉంది. అక్కడి లోయ అంచున పైపులు వేసి, చలి రాత్రుల్లో నీళ్లు చిమ్మి, కావలసినంత మంచుగోడ వాళ్లే పండించుకుంటున్నారు. పైపులు వేయడంలో మనల్ని మించిన రాష్ట్రం లేదు. భువనగిరిలో దాదాపు 500 అడుగుల ఏకశిల ఉంది, దాని నెత్తిన చాళుక్యుల కోట ఉంది, పక్కనే నేషనల్ హైవే ఉంది. గుట్ట నెత్తి మీదికి ఒక లైను, అక్కడొక ట్యాంకు, చుట్టూ స్ప్రింక్లర్లు. శంకుస్థాపనకు ఏ అడ్డూ లేదు. ఒక ఇంజనీరు మాత్రం, నీళ్లు పైకి ఎక్కించే దాకానే మా శాఖ, గడ్డకట్టించే బాధ్యత టెండర్‌లో లేదు అన్నాడు. దానికి వేరే శాఖను చూడాలి. భూమధ్యరేఖ పక్కనున్న కిలిమంజారో మీద మంచు ఉండగా లేనిది, భువనగిరి ఏం పాపం చేసిందని నేను వాదించాను. ఆ వాదన కూడా నిలబడేలా లేదు. అదే విల్ గ్యాడ్ 2014లో కిలిమంజారో మీద ఎక్కిన మంచును 2020లో మళ్లీ ఎక్కుదామని పోతే, చాలా భాగం కరిగిపోయి ఉంది. మనం భువనగిరిని కిలిమంజారో చేసేలోపు కిలిమంజారో భువనగిరి అయ్యేలా ఉంది.

అందాకా మనవాడు జనవరిలో హిమాచల్‌లోని స్పీతి లోయకు టికెట్ బుక్ చేసుకుని, వెళ్లేముందు దండం పెట్టడానికి మేనమామ దగ్గరికి పోయాడు. మేనమామ మునుగోడు వైపు ఒక ఊళ్లో తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడు. పొద్దున ఒక దఫా, మాపున ఒక దఫా. గొడ్డళ్లు, ముళ్ల పట్టాలు అన్నీ తిప్పి తిప్పి చూశాడు.

"తాడేదిరా?"

"తాడు లేకుండనే ఎక్కాలె మామా. అదే దీని గొప్ప."

"మరి పైకి పోయినంక ఏం తెస్తవు?"

"ఏం తేను. ఎక్కి దిగుడే."

మామ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పైసలెంతిస్తరు?" అని అడిగాడు. పైసలు మనమే ఇయ్యాలని మేనల్లుడు చెప్పాక, అక్కకు ఫోన్ చేసి పిల్లగానికి దిష్టి తీయించమన్నాడు.

నా దృష్టిలో మామ కూడా సోలో క్లైంబరే, కాకపోతే ఎవరూ నమోదు చేయలేదు. తాటిచెట్టు నిట్టనిలువు. మంచుకైతే గ్రేడ్ ఐదు ఇవ్వాల్సిందే. వానాకాలం బోదె నాచుపట్టి ఉంటుంది. చెట్టునూ నడుమునూ చుట్టే మోకు, కాళ్లకు గుజి అనే బంధం, నడుముకు ముత్తాదు అనే పట్టీ, అందులో కత్తులు. ఇదీ కిట్. పైన కమ్మల మధ్య కందిరీగలు, అప్పుడప్పుడు పాము. దిగేటప్పుడు లొట్టి నిండా కల్లు కూడా దించాలి. మంచెక్కే ఏ మొనగాడికీ ఆ షరతు లేదు. రోజుకు ఎన్ని చెట్లో అన్నిసార్లు, సీజన్ పొడుగునా. పైన ఎట్లుంటది అని నేనే ఒకసారి అడిగాను. "గాలి మంచిగుంటది" అన్నాడు. ఈ ఒక్క వాక్యాన్ని పేజీన్నర చేస్తే మ్యాగజైన్ వ్యాసం అవుతుంది.

అసలు తేడా రాయడంలో ఉంది. పేపర్లవాళ్లు ఒక్కరోజు రెండు వార్తలూ తారుమారు చేసి వేయాలని నా విన్నపం. జిల్లా ఎడిషన్ మూడో పేజీలో సింగిల్ కాలం: "గొడ్డలి జారి యువకుడికి తీవ్ర గాయాలు. స్పీతిలో మంచు జలపాతం ఎక్కుతుండగా ప్రమాదవశాత్తు కిందపడిన మిర్యాలగూడ యువకుడిని స్థానికులు ఆసుపత్రికి తరలించారు. బాధిత కుటుంబాన్ని ప్రభుత్వం ఆదుకోవాలని సంఘం నాయకులు డిమాండ్ చేశారు." ఆదివారం అనుబంధంలో రంగుల్లో రెండు పేజీలు: "తెల్లవారుజాము ఐదున్నర. కింద ఊరు ఇంకా నిద్రలో ఉంది. ఎదురుగా 60 అడుగుల నిలువు. అతని దగ్గర ఒక మోకు, మూడు కత్తులు, తన మీద తనకున్న నమ్మకం తప్ప ఏమీ లేవు. భయాన్ని ఎలా జయిస్తారని అడిగితే చిరునవ్వు నవ్వి బీడీ ముట్టించాడు."

2024లో ప్రభుత్వం గీత కార్మికులకు వాళ్ల దేవుడు కాటమయ్య పేరుతో రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తాడు, క్లిప్పు, పట్టీలు. ఇంచుమించు కొండలెక్కేవాళ్ల సామానే. అంటే పొట్టకూటికి ఎక్కేవాడు ఇప్పుడిప్పుడే తాడు దగ్గరికి వస్తున్నాడు, సరదాకు ఎక్కేవాడు ఉన్న తాడు విప్పేసుకుంటున్నాడు. ఇద్దరూ ఎక్కడో మధ్యలో ఎదురుపడి ఉంటారు, పలకరించుకున్నారో లేదో తెలియదు.

మనవాడి తరఫున ఒక ఆఫీసుకు కూడా వెళ్లాను. చెట్టు మీంచి పడి చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా గీత కార్మికుడికి ఎక్స్‌గ్రేషియా ఉంది కదా, మంచు మీద సోలోగా ఎక్కేవాళ్లను కూడా ఆ పథకంలో చేర్చమని అర్జీ పెట్టాను. గుమాస్తా కళ్లజోడు పైకి జరిపి శ్రద్ధగా చదివాడు. సొసైటీ సభ్యత్వం ఉందా, లేకపోతే చెట్టు గీసేవాడికి విడిగా ఇచ్చే టీఎఫ్‌టీ (ట్రీ ఫర్ ట్యాపర్) లైసెన్స్ ఉందా అన్నాడు. లేదన్నాను. పడిన జలపాతం నంబరు రాయాలి, అది ఏ గ్రామ శివారులో ఉందో రాయాలి, పడటం చూసిన ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి అన్నాడు. సోలో అంటేనే సాక్షులు లేకపోవడం అని విడమరిచి చెప్పాను. "అయితే సారు స్వయంగా వచ్చి స్పాట్ చూడాలె," అంటూ క్యాలెండర్ తిరగేశాడు. "ఎలక్షన్ డ్యూటీలు, ధాన్యం కొనుగోళ్లు అన్నీ అయినంక, మే నెలల పెట్టుకుందాం. అప్పటిదాకా జలపాతాన్ని అట్లనే ఉంచమనుండ్రి."