కొక్కెం లేని ముత్యం

మలక్‌పేటలో మా పక్క వాటా. రంగనాథంగారు పత్తర్‌గట్టిలో ఒక ముత్యాల కొట్టులో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా చేసి ఇంటిపట్టున కూర్చున్నారు. సరిగ్గా అదే నెలలో సుగుణగారు ఆయిల్ పెయింటింగ్ మొదలుపెట్టారు. మధ్య గోడ పల్చన. వినబడటం నా తప్పు కాదు.

రంగనాథం: ఏమే, ఇల్లంతా కిరసనాయిలు వాసన!

సుగుణ: టర్పెంటైన్ అండీ. బ్రష్షులు కడిగాను.

రంగనాథం: ఆ బొమ్మని తలకిందులుగా పెట్టావేం? పాలబ్బాయి చూసి గబ్బిలమా అని అడిగాడు.

సుగుణ: దాన్ని చూసే నా బొమ్మ వేస్తున్నా, కావాలనే అలా పెట్టాను. తిన్నగా ఉంటే ఇది కన్ను అని తెలిసిపోయి, చెయ్యి తనకొచ్చిన కన్నే గీసేస్తుంది. తలకిందులైతే ఎక్కడ నీడ, ఎక్కడ వెలుగు అన్నదే కనిపిస్తుంది.

రంగనాథం: నువ్వు వేసిన పిల్లకి మొహమంతా మట్టి పూశావే!

సుగుణ: అంబర్ అండీ, ముదురు గోధుమరంగు. ముందు దాంతో నీడలు వేసుకుని, ఆరాక పైన ఒంటిరంగు వెయ్యాలి.

రంగనాథం: ఇంతకీ ఎవరీ పిల్ల?

సుగుణ: ఎవరికీ తెలీదు. హాలండ్‌లో వెర్మీర్ అనే ఆయన 1665 ప్రాంతంలో వేశాడు. 1881లో వేలంపాటలో అక్కడి డబ్బు రెండు గిల్డర్లకి పోయింది, తెలుసా?

రంగనాథం: నీ రంగు ట్యూబుల బిల్లు చూశాక ఆ వేలంపాట నయమనిపిస్తోంది. సరే, చెవికి ఆ బోండా ఏమిటి?

సుగుణ: ముత్యం!

రంగనాథం: నాకా చెప్తున్నావ్? చుట్టూ గీత గీసి మధ్యలో సున్నం కొట్టావు. ముత్యానికి గీత ఎక్కడుంటుందే?

(లోపలికెళ్ళి బీరువా తీసిన చప్పుడు. పాత కమ్మ ఒకటి తెచ్చినట్టున్నారు.)

రంగనాథం: ఇలా కిటికీ దగ్గరికి రా. పైన ఏముంది?

సుగుణ: తెల్లగా చుక్క. కిటికీ వెలుగు.

రంగనాథం: కింద?

సుగుణ: పసుపు... అయ్యో, నా చీర!

రంగనాథం: మధ్యలో?

సుగుణ: బూడిదరంగు. అంచు నీడలో కలిసిపోయిందండీ, ఎక్కడుందో తెలీడం లేదు.

(చాలాసేపు చప్పుడు లేదు. వాళ్ళింట్లో ఇది అరుదు.)

సుగుణ: వెర్మీర్ కూడా అంతే చేశాడు! పైన ఒక్క తెల్ల చుక్క, కింద మెడపట్టీ తెలుపు. మిగతాదంతా నీడే. కొక్కెం కూడా వెయ్యలేదు!

రంగనాథం: కొక్కెం లేదా? గాల్లో ఎలా వేలాడుతోంది? మా సేఠ్ ఇలాంటి సరుకు గడప తొక్కనివ్వడు.

సుగుణ: అంత పెద్దది అసలు ముత్యమే కాదేమో, గాజో తగరమో అయ్యుంటుందని పరిశోధకులే అనుమానపడ్డారట.

రంగనాథం: నేను చూడగానే చెప్పలా!

సుగుణ: మీరు బోండా అన్నారు.

రంగనాథం: రెండూ ఒకటే. ఆ బ్రష్షిటివ్వు, చుక్క నేను పెడతా. నువ్వెళ్ళి ఇడ్లీ సంగతి చూడు.

సుగుణ: బొమ్మ నాది, చుక్క నాది. ఇడ్లీ మీరే చూడండి.

రంగనాథం: ముత్యం గురించి చెప్పిందెవరు?

సుగుణ: ముందు చెయ్యి తియ్యండి, పచ్చిరంగు అంటుకుంటుంది!

(ఆ తర్వాత మా వంటింట్లోకి ఒక వాసన వచ్చింది. టర్పెంటైన్ మాత్రం కాదు. ఇడ్లీ పాత్రలో నీళ్ళు ఇగిరిపోయి చాలాసేపైనట్టుంది.)