చైనా పత్రికల్లో మనం ఎవరం?

2018 మార్చి 8న బీజింగ్‌లో విలేకరులతో మాట్లాడుతూ చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ రెండు పోలికలు వాడారు. భారత్‌తో సంబంధాల గురించి అడిగితే, డ్రాగన్, ఏనుగు పోట్లాడుకోకూడదని, కలిసి నాట్యం చేయాలని అన్నారు. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాలతో భారత్ కూర్చునే క్వాడ్ ప్రస్తావన వచ్చినప్పుడు, అలాంటివి సముద్రపు నురగలాంటివని, కాసేపు కనిపించి కరిగిపోతాయని కొట్టిపారేశారు. ఒకే వేదిక మీద, ఒకే పూటలో భారత్ ఒకసారి నాట్యంలో జోడీ అయింది, మరోసారి నురగలో బుడగ అయింది. ఆ తరువాత చైనా పత్రికలు మన గురించి రాసినవాటిలో చాలా భాగం ఈ రెండు పోలికల మధ్యనే తిరుగుతోంది.

చైనా దౌత్యంలో చాలాకాలంగా వినిపించే ఒక సూత్రం ఉంది: పెద్ద దేశాలు కీలకం, పొరుగు దేశాలు ప్రథమం, వర్ధమాన దేశాలు పునాది, బహుళపక్ష వేదికలు ముఖ్య రంగస్థలం. భారత్ ఈ నాలుగింటిలోనూ ఇముడుతుంది. అయితే ఏ రోజు ఏ గదిలో కూర్చోబెట్టాలన్నది మన ప్రవర్తన కన్నా అమెరికా ప్రవర్తనను బట్టే తేలుతోందని నాకు అనిపిస్తుంది. 2025 ఆగస్టులో మన ఎగుమతులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. ఢిల్లీలోని చైనా రాయబారి షూ ఫేహాంగ్ దాన్ని బహిరంగంగా ఖండించి, మౌనం వహిస్తే దౌర్జన్యం చేసేవాడికే ధైర్యం వస్తుందన్నారు. ఆ మాటలు విని మనలో చాలామంది సంతోషించారు. కానీ అరుణాచల్‌ప్రదేశ్‌లోని 27 చోట్లకు చైనా కొత్త పేర్లు పెట్టింది అదే ఏడాది మేలో. మన కార్ల తయారీదారులకు చైనా నుంచి అరుదైన ఖనిజాల అయస్కాంతాలు అందక ఇబ్బంది మొదలైందీ ఆ వేసవిలోనే. అమెరికా మీద కోపం ఉన్నప్పుడు మనం పొరుగువాళ్లం, అమెరికా పక్కన నిలబడితే పావులం. మనకు మనదైన ఫిర్యాదు ఒకటి ఉందన్న సంగతి ఈ రెండు కథనాల్లోనూ కనిపించదు.

ఇదంతా అబద్ధాల ప్రచారమని తోసిపుచ్చడం తేలిక. నేను ఆ పని చేయను. ఆ పత్రికలను జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే అవి ఎవరి మాట చెబుతున్నాయో దాచుకోవు. 2016 ఫిబ్రవరిలో షీ జిన్‌పింగ్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక పీపుల్స్ డైలీ, ప్రభుత్వ వార్తా సంస్థ షిన్హువా, ప్రభుత్వ టీవీ సీసీటీవీ కార్యాలయాలకు వెళ్లినప్పుడు, పార్టీ మాధ్యమాల ఇంటిపేరు పార్టీయే కావాలని స్పష్టంగా చెప్పారు. ఇంటిపేరు ఒకటే అయినా ఇంట్లో అందరి గొంతూ ఒకటి కాదు. పీపుల్స్ డైలీలో 'ఝోంగ్ షెంగ్' అనే కలం పేరుతో వచ్చే వ్యాఖ్య అంతర్జాతీయ విషయాల మీద ఆ పత్రిక అధికార స్వరం. గ్లోబల్ టైమ్స్ మార్కెట్లో అమ్ముడుపోవడానికి పుట్టిన పత్రిక, గట్టిగా అరవడం దాని అలవాటు. 2009 నుంచి దానికి ఇంగ్లిష్ ముద్రణ ఉండటంతో మన టీవీ చానళ్లకు అదే చేతికందుతుంది. అందులో ఒక వాక్యం దొరికితే చాలు, 'భారత్‌కు చైనా హెచ్చరిక' అని రోజంతా నడిపిస్తారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

చైనీస్‌లో ఒక వాక్యం ఉంది: 'ముందుగా చెప్పలేదని తరువాత అనవద్దు.' పీపుల్స్ డైలీ దాన్ని ఊరికే వాడదు. 1962లో మనతో యుద్ధానికి ముందు, 1978 డిసెంబరులో వియత్నాంపై దాడికి ముందు అది అచ్చయింది. 2019 మేలో అరుదైన ఖనిజాల విషయంలో అమెరికాను ఉద్దేశించి మళ్లీ కనిపించింది. ఆరేళ్ల తరువాత, 2025 ఏప్రిల్‌లో, ఆ ఖనిజాల ఎగుమతిపై చైనా నిజంగానే ఆంక్షలు పెట్టింది. ఇక భూటాన్ దగ్గర డోక్లాంలో భారత్, చైనా సైనికులు ఎదురెదురుగా నిలిచిన 2017 రోజులు గుర్తు తెచ్చుకోండి. గ్లోబల్ టైమ్స్ రోజూ నిప్పులు కురిపించింది, షిన్హువా భారత్ 'ఏడు పాపాల'పై ఎగతాళి వీడియో చేసింది. ఆగస్టు 28న వివాదం యుద్ధం లేకుండానే ముగిసింది.

నిజంగా నెత్తురు పారినప్పుడు మాత్రం ఆ పత్రికల్లో పెద్దగా మాట లేదు. 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్ సరిహద్దులోని గల్వాన్‌లో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది మన సైనికులు ప్రాణాలు అర్పించారు. మనం మన వీరుల పేర్లను వెంటనే ప్రకటించి వీధివీధినా నివాళులు అర్పించాం. చైనా అధికార మాధ్యమాలు ఆ ఘర్షణను వీలైనంత చిన్నదిగా చూపాయి. తమవాళ్లు నలుగురు చనిపోయారని వాళ్ల సైనిక పత్రిక చెప్పింది ఎనిమిది నెలల తరువాత, 2021 ఫిబ్రవరిలో. ఆ లెక్కను ప్రశ్నించిన బ్లాగర్ జైలుకు వెళ్లాడు. చైనా పత్రికల అరుపుల కన్నా వాటి మౌనానికే నేను ఎక్కువ భయపడేది ఇందుకే.

ప్రాంతీయ సహకారం గురించి వాళ్లు రాసేవన్నీ 'అందరికీ లాభం' అన్న మాట చుట్టూ తిరుగుతాయి. ఇతర దేశాల్లో రోడ్లు, రేవులు కట్టే చైనా పథకం బెల్ట్ అండ్ రోడ్‌లో మనం ఎందుకు చేరలేదో ఆ రాతల్లో వెతకండి. చైనా, పాకిస్తాన్ ఆర్థిక నడవా మనదైన గిల్గిత్, బాల్టిస్తాన్ గుండా వెళ్తుందన్న అసలు కారణం దొరకడం కష్టం. 2019 నవంబరులో ఆసియా, పసిఫిక్ దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఆర్‌సెప్ నుంచి మనం తప్పుకోవడం వెనుక చైనా సరుకుల భయం ఉంది. 2024-25లో చైనాతో మన వాణిజ్య లోటు సుమారు 99 బిలియన్ డాలర్లు. ఆ లాభంలో మన వంతు ఎంత అని అడగడం శత్రుత్వం కాదు.

ఏడేళ్ల తరువాత 2025 ఆగస్టు 31న మోదీ చైనా గడ్డ మీద, తియాంజిన్‌లో షీని కలిశారు. ఆ భేటీపై రెండు దేశాలు విడివిడిగా ఇచ్చిన ప్రకటనలను పక్కపక్కన పెట్టి చదవాలి. మొత్తం సంబంధాన్ని సరిహద్దు సమస్య నిర్దేశించకూడదని చైనా ప్రకటన చెప్పింది. సంబంధాలు ముందుకు సాగాలంటే సరిహద్దులో శాంతి ముఖ్యమని మన ప్రకటన చెప్పింది. చైనా పాఠకుడికి మొదటి వాక్యమే చేరుతుంది. అక్కడి పాఠకుడికి ఏం చేరుతోందో అక్కడే ఉండి, అక్కడి భాషలో విని మనకు చెప్పగలిగే విలేకరులు మనకు అసలే కొద్దిమంది. 2023లో ఇరు దేశాలూ వీసాల పట్టుదలతో ఒకరి విలేకరులను మరొకరు పంపేసుకోవడంతో ఆ కొద్దిమందీ వెనక్కి రావలసి వచ్చింది. కైలాస మానస సరోవర యాత్ర మళ్లీ మొదలైంది, విమానాలు తిరుగుతున్నాయి. బీజింగ్‌లో మన విలేకరుల కుర్చీల గురించి కూడా ఢిల్లీ అంతే పట్టుదలతో అడగాలి.