లెక్కలు వదిలేసే ముందు

డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) ఉన్న పిల్లలు సీబీఎస్ఈ నుంచి జాతీయ ఓపెన్ స్కూల్ బోర్డు ఎన్ఐఓఎస్‌కు మారితే లెక్కల బెడద తప్పుతుందని ఒక వ్యాసంలో రాశారు. నిజమే, ఎన్ఐఓఎస్ పదో తరగతికి భాషతో కలిపి ఐదు సబ్జెక్టులు చాలు, లెక్కలు తప్పనిసరి కాదు. కానీ బెంగళూరులో పీయూసీ (ఇంటర్) సైన్సు ఆలోచన ఏమాత్రం ఉన్నా లెక్కలు వదిలించకండి, తర్వాత ఆ దారి దాదాపు మూసుకుపోతుంది.

పరీక్షలు రాసి పాసవడానికి ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలుంటాయి. ఐదు సబ్జెక్టులూ ఒకేసారి రాయించడం పిల్లల మీద అన్యాయం. అక్టోబరులో రెండు, ఏప్రిల్‌లో మూడు పెట్టుకోండి. పాత బోర్డు మార్కుల బదిలీ రెండు సబ్జెక్టుల వరకే, అదీ పాసైనవాటికే. తొమ్మిదో తరగతి నుంచి నేరుగా వచ్చేవాళ్లకు అది వర్తించదు.

స్క్రైబ్ (పిల్లల బదులు జవాబులు రాసిపెట్టేవారు), పరీక్షలో అదనపు సమయం కావాలంటే ప్రభుత్వ ఆసుపత్రి ధ్రువపత్రం అడ్మిషన్‌కు ముందే తీసుకోండి. ప్రైవేటు సైకాలజిస్టు రిపోర్టు ఒక్కటే నమ్ముకుంటే పరీక్షల ముందు పరుగులు పెట్టాల్సివస్తుంది.