మొదటి మూడు నిమిషాల రసికుడు

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో మీకు బాగా ఇష్టమైన కాన్చెర్టో ఏదని ఎవరైనా అడిగినప్పుడు, జవాబు చెప్పే ముందు రెండు క్షణాలు కళ్ళు మూసుకోవడం ఆచారం. ఆ రెండు క్షణాల్లో లోపల జరిగేది రసాస్వాదన కాదు, లెక్క. అందరికీ తెలిసిన పేరు చెబితే అడిగినవాడి ముందు చులకనైపోతాం; ఎవరికీ తెలియని పేరు చెబితే, ఖర్మకాలి అది అతనికి తెలిసి ఉంటే, రెండో ప్రశ్న వస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఈ గండం గట్టెక్కుతూ వస్తున్నవాణ్ణి గనుక, ఇక దాచి లాభం లేదని తోచి, నిజం విన్నవించుకుంటున్నాను. ఒక్క విద్వాంసుడికీ నిండు ఆర్కెస్ట్రాకూ మధ్య అరగంటో ముప్పావుగంటో సాగే ఈ సంగీత ప్రక్రియలో నాకు ప్రాణప్రదమైనవి పదిహేను దాకా ఉన్నాయి. ప్రతిదానిలోనూ మొదటి మూడు నిమిషాలు నాకు కంఠోపాఠం. నాలుగో నిమిషం నుంచి నేను గ్యాస్ సిలిండర్ గురించి ఆలోచిస్తాను.

దీన్ని లోపమనే తొందరపాటు మనుషులు ఉంటారు. వారికి జవాబుగా సాక్షాత్తూ రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీనే సాక్షిగా ప్రవేశపెడుతున్నాను. ఆయన మొదటి పియానో కాన్చెర్టో ఎలా మొదలవుతుందో తెలియని రసికుడు ఉండడు. హార్న్‌లు నాలుగు స్వరాల్లో కిందికి దిగుతాయి, వయొలిన్లు ఒక విశాలమైన బాణీ అందుకుంటాయి, పియానో ఆ చివర నుంచి ఈ చివరి దాకా బండరాళ్ళు దొర్లిస్తున్నట్టు స్వరాలు గుప్పిస్తుంది. పెళ్ళిపందిట్లో అందరికన్నా ఘనంగా ముస్తాబై దిగిన చుట్టం భోజనాలకు ముందే మాయమైనట్టు, ఆ బాణీ మూడు నాలుగు నిమిషాలు వెలిగి వెళ్ళిపోతుంది. మిగిలిన అరగంటలో మళ్ళీ ఒక్కసారైనా ముఖం చూపించదు. స్వరకర్తే మరిచిపోయినదాని తరువాత ఏం జరిగిందో నేను గుర్తుంచుకోవాలనడం ఏ న్యాయం?

పైగా ఈ విషయంలో నాకు ముందే దారి వేసిన పెద్దలున్నారు. 1874 క్రిస్మస్ ముందురోజున మాస్కో కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో చైకోవ్‌స్కీ ఈ రచనను దాని అధిపతీ, పియానో విద్వాంసుడూ అయిన నికొలాయ్ రూబిన్‌స్టీన్‌కు వాయించి వినిపించాడు. మొదటి భాగం అయింది. రూబిన్‌స్టీన్ నోట ఒక్క మాట లేదు. మొత్తం పూర్తయ్యాక మాత్రం కుంభవృష్టి కురిసింది. ఇది వాయించడానికి పనికిరాదనీ, నాసిరకమనీ, ఇందులో అట్టిపెట్టుకోదగినవి రెండో మూడో పుటలేననీ, తక్కినదంతా పారేయాలనీ ఆయన తేల్చాడట. చరిత్ర ఈ పెద్దమనిషిని అరసికుడిగా జమకట్టింది గానీ, నా ఉద్దేశంలో నిజాయితీపరుడైన తొలి శ్రోత ఆయనే. ఒక్క స్వరం కూడా మార్చనని చైకోవ్‌స్కీ భీష్మించుకున్నాడు; తరువాత మార్చాడు. ఇప్పుడు మనం ఒళ్ళు పులకరించిందని చెప్పుకునే ఆ బండరాళ్ళ స్వరాలు కూడా ఈ రూపానికి వచ్చింది ఆ దిద్దుబాట్లలోనే. ఆ రూబిన్‌స్టీనే మరుసటి ఏడు మాస్కోలో ఈ రచనకు ఆర్కెస్ట్రా నడిపించాడు కూడా. అభిప్రాయం మార్చుకోవడం పెద్దల లక్షణం. నేను మార్చుకోవాలంటే ముందు నాలుగో నిమిషం వినాలి.

ఈ పద్ధతిలో చిన్న చిన్న ఇబ్బందులు లేకపోలేదు. బీథోవెన్ వయొలిన్ కాన్చెర్టో సంగతే చూడండి. టింపనీ డప్పు మెత్తగా నాలుగు దెబ్బలు వేస్తుంది, ఐదో దెబ్బకు ఓబోలూ తక్కిన గాలి వాద్యాలూ అందుకుంటాయి. అప్పటినుంచి సుమారు మూడు నిమిషాల పాటు, ఎవరి పేరు చూసి మనం టికెట్ కొన్నామో ఆ విద్వాంసుడు, వందన సమర్పణ దాకా పిలుపు రాని ముఖ్య అతిథిలా, చేతిలో వయొలిన్ పట్టుకుని నేల చూస్తూ నిలబడతాడు. (మన పక్కవాద్యాన్ని ముందు వరుసలోకి తెచ్చి సోలో కచేరీలు చేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి ఇలాంటి దుస్థితి పట్టలేదు.) సరిగ్గా ఆయన కమాను ఎత్తే వేళకు నా నియమిత కాలం ముగుస్తుంది. అందువల్ల నాకు ఎంతో ఇష్టమైన ఆ వయొలిన్ కాన్చెర్టోలో, నేనెరిగినంత వరకు, వయొలిన్ విద్వాంసుడు లేడు. దీన్ని వియన్నాలో 1806 డిసెంబర్ 23న ఫ్రాంజ్ క్లెమెంట్ తొలిసారి వాయించిన తరువాత, 1844లో పన్నెండేళ్ళ యోజెఫ్ యోఆఖిమ్ లండన్‌లో వాయించే దాకా లోకం పెద్దగా పట్టించుకోలేదు. సుమారు నలభై ఏళ్ళు పట్టించుకోని లోకాన్ని ఏమీ అనని వాళ్ళు నన్ను అంటారు.

బ్రాంస్ వయొలిన్ కాన్చెర్టో రెండో భాగంలోనూ ఇలాంటి నిలబడే ఘట్టమే ఉందనీ, ఉన్న ఒక్క మంచి బాణీని ఓబో వాయిస్తుంటే వయొలిన్ పట్టుకుని వింటూ నిలబడే ఖర్మ నాకేమిటని పేరుమోసిన వయొలిన్ విద్వాంసుడు సరసాతె ఆ రచన వాయించనే లేదనీ చెబుతారు. రెండో భాగం దాకా వెళ్ళివచ్చినవారు చెప్పగా విన్న మాట ఇది.

మెండెల్సన్ మాత్రం నా బోటివారి కష్టం తెలిసిన మనిషి. ఆయన ఇ మైనర్ వయొలిన్ కాన్చెర్టోలో వయొలిన్ రెండో లయఖండంలోనే వచ్చేస్తుంది. అయితే ఆయన ఇంకో పన్నాగం కూడా పన్నాడు. మొదటి భాగం అయిపోయినా బసూన్ అనే ఒక్క గాలి వాద్యం తన స్వరాన్ని వదలకుండా పట్టుకుని రెండో భాగంలోకి లాక్కుపోతుంది, చప్పట్లకు సందు దొరకదు. మన కచేరీలో తని ఆవర్తనం మొదలవగానే సగం సభ కాంటీన్ వైపు నడుస్తుంది. మృదంగ విద్వాంసుడికి అది అలవాటే. ఇక్కడ కాడెంజాలో విద్వాంసుడు ఒంటరిగా విజృంభిస్తుంటే, ఆర్కెస్ట్రాతో సహా సభంతా దగ్గు ఆపుకుని కూర్చోవాలి.

మూడు నిమిషాలు కూడా ఎక్కువేనని నిరూపించిన సందర్భం 1962 ఏప్రిల్ 6న న్యూయార్క్ కార్నెగీ హాల్లో జరిగింది. బ్రాంస్ మొదటి పియానో కాన్చెర్టోను గ్లెన్ గూల్డ్ వాయించబోతుండగా, ఆర్కెస్ట్రా నడిపించవలసిన లెనార్డ్ బెర్న్‌స్టీన్ ముందుకొచ్చి, ఈయన వాయించబోయే తీరుతో నేను ఏకీభవించడం లేదని సభకు చెప్పి, కాన్చెర్టోలో అసలు యజమాని ఎవరు, విద్వాంసుడా, కండక్టరా అని ప్రశ్నించాడు. ఆరు దశాబ్దాలు దాటినా జనం చర్చించుకునేది ఆ ఉపన్యాసాన్నే. అంటే ఆ కాన్చెర్టోలో అందరికీ గుర్తున్న భాగం అది మొదలు కాకముందే అయిపోయింది. ఇంతటి రసికత నాకింకా అలవడలేదు.

ముంబయిలో ఒకసారి కళ్ళారా కచేరీ చూసే భాగ్యం కలిగింది. మూడు నిమిషాలు గడిచాయి. పారిపోవడానికి దారి లేదు, నేను వరుస మధ్యలో ఉన్నాను. పక్క సీటులో నెరిసిన గడ్డం పెద్దాయన గంభీరంగా తల ఊపుతుంటే, ఇదే సరైన చోటు కాబోలనుకుని నేనూ ఊపాను. నేను ఆపితే ఆయనా ఆపాడు. మొదటి భాగం ముగిసి, చప్పట్లు అన్ని భాగాలూ అయ్యాకే కొట్టాలన్న మర్యాద ప్రకారం హాలంతా నిశ్శబ్దమైనప్పుడు, చప్పట్లకు సగం ఎత్తిన చేతులతో ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపే చూస్తున్నాను.

1803 ఏప్రిల్ 5న వియన్నాలో బీథోవెన్ తన మూడో పియానో కాన్చెర్టో వాయించినప్పుడు, పుటలు తిప్పడానికి ఇగ్నాట్స్ ఫాన్ సైఫ్రీడ్ పక్కన కూర్చున్నాడు. పియానో భాగం రాయడానికి తీరిక చిక్కక, బీథోవెన్ దాదాపు ఖాళీ కాగితాలే పెట్టుకొచ్చాడు. అక్కడక్కడా ఈజిప్టు చిత్రలిపి లాంటి గీతలు మాత్రం ఉన్నాయట. కనపడని పుట పూర్తయినప్పుడల్లా బీథోవెన్ ఓరగా చూడడం, సైఫ్రీడ్ తిప్పడం. సమయానికి తిప్పగలనో లేదోనని సైఫ్రీడ్ పడ్డ అవస్థ చూసి బీథోవెన్‌కు సరదా వేసిందట. ఆ రాత్రి భోజనాల దగ్గర అదే తలుచుకుని కడుపుబ్బ నవ్వాడట.

ఆ ముంబయి పెద్దాయనా నేనూ విరామంలో కాఫీ తాగుతూ మీకు బాగా ఇష్టమైన కాన్చెర్టో ఏదని ఒకరినొకరం అడుగుకున్నాం. ఇద్దరం కళ్ళు మూసుకున్నాం.