నంది కొండ ఎక్కి వెనక్కి రాకండి, అవతలికి దిగండి

బెంగళూరులో మంచి సైకిల్ కొన్నవాళ్ళు ఏడాది తిరక్కుండా ఒక్కసారైనా నంది కొండ ఎక్కుతారు. తెల్లవారకముందే హెబ్బాళ దాటి, దేవనహళ్ళి మీదుగా అరవై కిలోమీటర్లు తొక్కి, చివరి ఏడెనిమిది కిలోమీటర్ల ఘాట్ రోడ్డు రొప్పుతూ ఎక్కి, 1478 మీటర్ల ఎత్తున ఫొటో దిగి, ఎండ ముదరకముందే ఇల్లు చేరతారు. మంచి అలవాటే, కాదనం. కానీ ఆ కొండల వరుసలోనే పెన్నా పుడుతుంది. హిందూపురం, తాడిపత్రి, గండికోట, నెల్లూరు మీదుగా దాదాపు 600 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలిసే మన పెన్నా. ఆ నది తొలి లోయ వెంట, దాని చుట్టూ ఉన్న కొండల మధ్య, సైకిల్ మీద రెండు రోజులు హాయిగా తిరిగి రావచ్చన్న సంగతి ఈ నగరంలో ఉన్న తెలుగువాళ్ళలో కూడా చాలామందికి తట్టదు. ఆ దారిని కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు కలిసి సైకిల్ యాత్రా మార్గంగా గుర్తించాలి. దానికి కొత్త రోడ్డు వేయనక్కరలేదు, కోట్లు పోయనక్కరలేదు. ఉన్న రోడ్డును సైకిల్ తొక్కేవాడి కళ్ళతో ఒకసారి చూస్తే చాలు.

దారి ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. యలహంక, దొడ్డబళ్ళాపుర మీదుగా గౌరిబిదనూరు వైపు వెళ్ళే రోడ్డు పట్టుకోండి. దొడ్డబళ్ళాపుర దగ్గర మీరు ఉండేది అర్కావతి పరీవాహక ప్రాంతంలో. అదీ నంది కొండల్లో పుట్టిన నదే. 1894లో హెసరఘట్ట నుంచి గొట్టాల ద్వారా బెంగళూరుకు తాగునీళ్ళు వచ్చింది ఆ నది పుణ్యమే. ఊరు దాటి ద్రాక్ష తోటలు, మల్బరీ చేలు చూసుకుంటూ పోతే కుడివైపు ఘాటి సుబ్రహ్మణ్య, ఎదురుగా మాకళిదుర్గం కొండ వస్తాయి. అక్కడే ఈ ప్రయాణం మొత్తంలో మాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఉంది. ఆ మిట్టకు ఇవతల పడిన వాన అర్కావతిలో కలిసి కావేరికి పోతుంది, అవతల పడిన వాన పెన్నాకి పోతుంది. కారులో పోయేవాళ్ళకి ఈ విషయం తెలిసే అవకాశమే లేదు. సైకిల్ మీద ఉన్నవాళ్ళకి ఎవరూ చెప్పనక్కరలేదు, కాళ్ళకే తెలుస్తుంది. అప్పటిదాకా తొక్కించిన రోడ్డు అక్కణ్ణుంచి తొండేభావి వైపు దానంతటదే దొర్లిపోతుంది. పక్కనే గుంతకల్లు పోయే రైలు పట్టాలు కొండను చుట్టుకుంటూ కిందికి దిగుతుంటాయి.

బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంటే హిందూపురం 620 దగ్గర ఉంది. అంటే మొదటి రోజంతా మొత్తం మీద మీకు పల్లమే ఎక్కువ. కొత్తగా దూరం వెళ్ళాలనుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి దారి ఈ నగరం చుట్టుపక్కల లేదని మా నమ్మకం. నంది కొండ మొదటిసారి ఎక్కలేక సగంలో దిగి, సిగ్గుపడి సైకిల్‌ని బాల్కనీలో పెట్టేసినవాళ్ళు ఎంతోమంది ఉన్నారు, వాళ్ళు ఈ లోయ నుంచి మొదలుపెట్టి ఉంటే ఈ పాటికి వాళ్ళ సైకిళ్ళు రోడ్డు మీద ఉండేవి.

గౌరిబిదనూరు పెన్నా ఒడ్డున ఉన్న ఊరు. కన్నడంలో ఉత్తర పినాకిని అంటారు. అది దాటి హిందూపురం వైపు పోతే ఆంధ్ర సరిహద్దుకు కొంచెం ముందు విదురాశ్వత్థం వస్తుంది. అక్కడ తప్పకుండా ఆగండి. గుడి చుట్టూ వందల నాగప్రతిష్ఠలు ఉంటాయి, అవి చూసి వెళ్ళిపోకుండా పక్కనే ఉన్న వీరసౌధ అనే స్మారకానికి కూడా వెళ్ళండి. 1938 ఏప్రిల్ 25న నిషేధాజ్ఞలను లెక్కచేయకుండా జెండా సత్యాగ్రహానికి వచ్చిన జనం మీద పోలీసులు ఇక్కడ కాల్పులు జరిపారు, చాలామంది ప్రాణాలు పోయాయి. దీన్ని కర్ణాటక జలియన్‌వాలాబాగ్ అంటారు. హైవే మీద గంటకి వంద కిలోమీటర్ల వేగంతో పోయే కార్లకు ఈ ఊరు తగలదు. నది వెంట పోయేవాళ్ళకి మాత్రం దారిలోనే ఉంటుంది.

హిందూపురంలో భోజనం చేసి, సాయంత్రానికి మరో పదిహేను కిలోమీటర్లు తొక్కితే లేపాక్షి. ఒకే బండలో చెక్కిన ఆ పెద్ద నంది, వీరభద్రుడి గుడి, సగంలో ఆగిపోయిన కల్యాణ మండపం, పైకప్పు మీది బొమ్మలు, ఇవన్నీ చూడటానికి ఒక సాయంత్రం సరిపోదు, పొద్దున్నే మళ్ళీ వెళ్ళాలి. 16వ శతాబ్దంలో విజయనగర రాజుల కాలంలో కట్టిన ఈ గుడి 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. బెంగళూరు నుంచి ఇక్కడికి సుమారు 120 కిలోమీటర్లు. రాత్రి ఇక్కడో, హిందూపురంలోనో ఉండాలి.

రెండో రోజు కొండలది. లేపాక్షి నుంచి కొడికొండ దగ్గర హైవే ఎక్కి, బాగేపల్లి వరకు సర్వీస్ రోడ్డు ఉన్నంత మేరా దాని మీదే పోయి, అక్కణ్ణుంచి గుడిబండె వైపు తిరగండి. బాగేపల్లి దగ్గర దాటే చిత్రావతి కూడా చివరికి పెన్నాలోనే కలుస్తుంది. ఆ తర్వాత ఎటు చూసినా బండరాళ్ళ గుట్టలు, గుట్టకో గుడి, గుట్ట కింద చెరువు. గుడిబండె కోట కిందే అమాని బైరసాగర చెరువు. కట్ట మీద చెట్టు నీడలో కూర్చుంటే లేవబుద్ధి కాదు. అక్కణ్ణుంచి పేరేసంద్ర, చిక్కబళ్ళాపుర మీదుగా వస్తే ముద్దేనహళ్ళి తగులుతుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు. వాళ్ళ పూర్వీకులది ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం అని మన వాళ్ళకి వేరే చెప్పనక్కరలేదు. అప్పటికి కాళ్ళలో ఇంకా సత్తువ ఉంటే నంది కొండ మీ ఎదురుగానే ఉంటుంది. ఈ రోజు ఎక్కుడు ఎక్కువ కాబట్టి గేర్లు తగ్గించుకుని, తొందర పెట్టుకోకుండా రండి.

ఈ దారిలో మనకు ఇంకో సుఖం ఉంది. గౌరిబిదనూరు, బాగేపల్లి, గుడిబండె తాలూకాలు కర్ణాటకలో ఉన్నా పల్లెల్లో ఇళ్ళలో మాట్లాడేది చాలావరకు తెలుగే. కన్నడం కలిసిన తెలుగు, తెలుగు కలిసిన కన్నడం. చైన్ తెగి రోడ్డు పక్కన కూర్చుంటే "ఏమన్నా, యాడ నుంచి వస్తాండారు?" అని ఎవరో ఒకరు పలకరిస్తారు, నీళ్ళిస్తారు, మొబైల్‌లో పంక్చర్ షాపు వాడికి ఫోన్ కూడా కొడతారు. బెంగళూరులో పదేళ్ళుగా అపార్ట్‌మెంట్లలో ఉంటూ కన్నడం రాలేదని మొహమాటపడే మన పిల్లలకు, రెండు భాషలూ ఒకే గడపలో ఎలా కాపురం చేస్తాయో చూపించడానికి ఇంతకంటే మంచి చోటు ఎక్కడుంది?

"నదిలో నీళ్ళే లేవు, లోయలో చూసేదేముంది?" అని అడిగేవాళ్ళు ఉన్నారు. నిజమే, ఏడాదిలో చాలా నెలలు పెన్నా ఇక్కడ ఇసుక దారే. వాన తక్కువ పడే సీమ ఇది, పైగా ఎగువన చెరువులు, బోర్లు, ఇసుక తవ్వకాలు. అయినా వెళ్ళమనే అంటాం. తాము తినే కూరగాయలు ఏ నేల నుంచి వస్తున్నాయో, ఆ నేల ఎంత ఎండిపోయిందో నగరంలో ఉన్నవాళ్ళు నెమ్మదిగా, దగ్గరగా చూడాలి. చెరువు నిండిన ఊరికీ ఎండిన ఊరికీ తేడా సైకిల్ మీద పోతుంటే ముఖానికి తగిలే గాలిలోనే తెలుస్తుంది. నిండు నదుల వెంట మాత్రమే యాత్రలు చేస్తే ఈ సీమ సంగతి ఎవరికి పడుతుంది?

ఇక ఇబ్బందులు. అన్నిటికంటే పెద్దది టిప్పర్లు. చిక్కబళ్ళాపుర జిల్లాలో క్వారీలు చాలా ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో హిరేనాగవల్లి దగ్గర జిలెటిన్ పేలి ఆరుగురు చనిపోయినప్పుడు కొన్నాళ్ళు అందరూ క్వారీల గురించి మాట్లాడారు, తర్వాత మర్చిపోయారు. కంకర లోడుతో పట్టా కప్పకుండా దూసుకుపోయే టిప్పర్ పక్కన సైకిల్ తొక్కడం ఎంత టెన్షనో తొక్కినవాళ్ళకే తెలుసు. రోడ్డు అంచున తెల్లగీత అవతల ఉండాల్సిన జాగా చాలాచోట్ల గులకరాళ్ళతో, విరిగిన గాజు పెంకులతో నిండి ఉంటుంది. ఊళ్ళ దగ్గర హంపులకు రంగు ఉండదు, చీకటి పడితే కనిపించవు. ఇది సైకిల్ యాత్రికుల కష్టం మాత్రమే కాదు. ఇదే రోడ్డు మీద రోజూ బడికి సైకిల్ మీద పోయే ఆడపిల్లలు ఉన్నారు, పాల క్యాన్లు కట్టుకుని డెయిరీకి పోయే రైతులు ఉన్నారు. ముందు వాళ్ళ కోసం చేయండి, ఆ తర్వాత మా కోసం.

అందుకే మేం ఎర్ర రంగు వేసిన సైకిల్ ట్రాక్ అడగడం లేదు. బెంగళూరులో అలాంటివి పార్కింగ్ జాగాలుగా మారిపోవడం చూశాం. మాకు కావలసింది రోడ్డు అంచు శుభ్రంగా, సమంగా ఉండటం. దడదడలాడించే గీతలు వేసినచోట సైకిల్ పోవడానికి పక్కన మూరెడు సందు వదలడం. కన్నడంలో, తెలుగులో దారి బోర్డులు. ప్రతి పదిహేను ఇరవై కిలోమీటర్లకు ఒక నీళ్ళ కుళాయి, పక్కన గాలి కొట్టుకునే పంపు, దాన్ని చూసుకునే బాధ్యత ఆ ఊరి పంచాయతీది. శని, ఆది వారాల్లో ఉదయం పది గంటల వరకు ఈ రోడ్ల మీద టిప్పర్లు తిరగకుండా ఆంక్ష. లాడ్జీలో సైకిల్‌ని తాళం వేసే గదిలో పెట్టుకోనివ్వడం కూడా ఇందులో భాగమే, రాత్రంతా సైకిల్ వీధిలో ఉంటే ఎవరికి నిద్ర పడుతుంది?

దక్షిణ కొరియాలో ఇంచియాన్ నుంచి బూసాన్ వరకు నదుల వెంట 633 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది. దారిలో చిన్న బూత్‌లు పెట్టారు, ప్రతిచోటా ఆగి చిన్న పుస్తకంలో ముద్ర వేసుకోవచ్చు. ముద్రల కోసం పిల్లలు, పెద్దలు పోటీపడి తొక్కుతారు. డాన్యూబ్ నది వెంట జర్మనీలోని పాసౌ నుంచి వియన్నా వరకు ఉన్న దారి మీద నడివయసు దంపతులు, మనవళ్ళతో వచ్చిన తాతలు కనిపిస్తారు. పోటీలకు తయారయ్యేవాళ్ళ కోసం మాత్రమే వేసిన దారులు కావవి. మన దగ్గర ఆ తపన లేదా అంటే ఉంది. 13 గంటల 30 నిమిషాల్లో 200 కిలోమీటర్లు పూర్తిచేసే బ్రెవెట్లు అనే దూర యాత్రలు ఈ నగరంలో ఎంతోమంది తొక్కుతున్నారు. బెంగళూరులో మొదలైన నీలగిరి సైకిల్ యాత్ర 2008 నుంచి నడుస్తోంది. గడియారం చూసుకుంటూ తొక్కేవాళ్ళకు దారులు ఉన్నాయి. ఆగుతూ, తింటూ, మాట్లాడుతూ పోయేవాళ్ళకే ఒక్క దారీ లేదు. ఆగేవాళ్ళ వల్లే పల్లెకు నాలుగు డబ్బులు వస్తాయి. ఉగ్గాణి బజ్జి పెట్టే హోటల్‌కి, మజ్జిగ అమ్మే అవ్వకి, పంక్చర్ వేసే కుర్రాడికి వాళ్ళే కావాలి.

రైల్వేది ఇంకో మాట. బెంగళూరు నుంచి హిందూపురం, పెనుకొండ మీదుగా పోయే లైను ఈ లోయ పొడుగునా ఉంది. పోయేటప్పుడు తొక్కుకుంటూ పోయి, వచ్చేటప్పుడు రైల్లో వద్దామంటే, సైకిల్‌ని లగేజీగా బుక్ చేసే పని చిన్న స్టేషన్లలో ఒక పెద్ద తంతు. మెట్రోలో మడతపెట్టే సైకిళ్ళను అనుమతించినప్పుడు, ఆదివారం సాయంత్రం హిందూపురం నుంచి వచ్చే ఒక్క రైలులో పది సైకిళ్ళకు జాగా ఇవ్వడం కష్టమేమీ కాదు. అది జరిగితే రెండో రోజు ఎక్కుడుకు భయపడేవాళ్ళు కూడా బయల్దేరతారు.

వెళ్ళదలచినవాళ్ళకు కాలం సంగతి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు బాగుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ వైపు రాకండి, ఎండ తట్టుకోలేరు. జూన్ నుంచి ఆగస్టు వరకు నైరుతి గాలి బలంగా వీస్తుంది, రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. పోయేటప్పుడు వీపు తట్టిన ఆ గాలే తిరుగు దారిలో ఎదురుగాలి అవుతుంది. రెండు ట్యూబులు, పంపు, ముందూ వెనకా లైట్లు, హెల్మెట్ తప్పనిసరి. వారం సెలవు దొరికితే లేపాక్షి దగ్గర ఆగిపోకుండా పెనుకొండ, ధర్మవరం, తాడిపత్రి మీదుగా గండికోట దాకా పొండి, ఎర్రమల కొండలను పెన్నా ఎలా కోసిందో అక్కడ కనిపిస్తుంది.

చిక్కబళ్ళాపుర, శ్రీసత్యసాయి జిల్లాల కలెక్టర్లు ఇద్దరూ తమ రోడ్లు, పర్యాటక శాఖల వాళ్ళతో ఒక్క రోజు విదురాశ్వత్థంలో కూర్చుంటే ఏ బోర్డు ఎక్కడ, ఏ కుళాయి ఎవరిది అన్నది తేలిపోతుంది. ఆ పని వచ్చే అక్టోబరు లోపు పూర్తి చేయాలని కోరుతున్నాం.